డీజే మిషన్‌కు గౌను

మా ఇళ్లల్లో వస్తువులకు బట్టలు తొడిగే అలవాటు మీద నాకు చాలాకాలంగా ఒక చిన్న ఫిర్యాదు ఉంది. టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ తొడుగు. ఫ్రిజ్ నెత్తిన లేసు గుడ్డ. మిక్సీకి కుచ్చుల గౌను. వాషింగ్ మిషన్‌కు పూల గౌను, అదీ జిప్పుతో. బట్టలుతికే మిషన్‌కే బట్టలు తొడిగి, అవి మాసినాయని విప్పి, అందులోనే వేసి ఉతుకుతారు. ఈ పద్ధతి మొదలుపెట్టిన మనిషికి బాగా తీరిక ఉండి ఉంటుంది. సోఫాకు కవరు, ఆ కవరు మాసిపోకుండా దాని మీద ఒక టవలు. మా సోఫా అసలు రంగు నేను కొన్నరోజు చూసినాను. మళ్లీ చూడలేదు.

ఈ గోలంతా ఎందుకంటే, ఒక శనివారం హిందూపురంలో మా ఇంట్లో తల ఎత్తి చూస్తే బీరువా మీద నా డీజే మిషన్ కూడా గౌను తొడుక్కుని కూర్చుంది. మిక్సీ గౌను కుట్టగా మిగిలిన గుడ్డ. నీలం మీద తెల్ల పూలు. మెడ దగ్గర కుచ్చులు కూడా ఉన్నాయి. డీజే మిషన్‌కు మెడ ఎక్కడుంటుందని మా ఆవిడ నిర్ణయించిందో నేను అడగలేదు.

"సుమ్నే దుమ్ము పడతాండాది గదా, అందుకే కుట్టినా," అంది.

మా ఆవిడది కర్ణాటక అంచున ఉన్న రొళ్ల. అక్కడి తెలుగులోకి కన్నడం చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంటుంది. సుమ్నే అంటే ఊరికే అని. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఎనిమిది నెలలుగా మిషన్ సుమ్నేనే ఉంది. నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. మిక్సీ గౌను రోజూ తీసి, రోజూ తొడుగుతారు. దీని గౌను నాలుగు వైపులా కుట్టేసి ఉంది. తీయడానికి దారే లేదు. మా ఆవిడ నా గురించి ఏమనుకుంటోందో అంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

నేను పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాను. పొద్దున హిందూపురంలో రైలెక్కి పోతాను, సాయంత్రం అదే దారిన వస్తాను. బీకాం చదివినాను కాబట్టి ఈ రెండు ప్రయాణాలకు మధ్య చేసేదాన్ని ఉద్యోగం అనగలుగుతున్నాను. ఆరేళ్ల కింద ఆ మిషన్ కొన్నాను. రెండు గుండ్రటి పళ్లాలు, మధ్యలో కొన్ని మరలు, ఒక లాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు. ధర్మవరంలో మా నాయన దాన్ని మొదటిసారి చూసి, "స్టవ్వు బాగుండాది. పైపు యాడ తగిలించేది?" అని అడిగినాడు.

పాటలు అందరూ వేస్తారు. నాకు సరదా పాట మీద కాదు, పాటకూ పాటకూ మధ్య చోటు మీద. ఒక పాట వెళ్లిపోతుండగానే రెండో పాటను తెచ్చి, మొదటిదాని అడుగులో అడుగు వేయించి, వినేవాడికి తెలియకుండా ఒకదాని లోంచి ఇంకొకదాంట్లోకి తీసుకుపోవాలి. అది కుదిరినప్పుడు కలిగే ఆనందం చాలా గొప్పది. దాంట్లో ఉన్న చిన్న ఇబ్బంది ఏమిటంటే, అది బాగా కుదిరిందని ఎవరికీ తెలియదు.

ఆ సంగతి మా పెద్ద గుమాస్తా పదవీ విరమణ రోజు తెలిసింది. పెనుకొండలో ఒక ఫంక్షన్ హాలు, మధ్యాహ్నం భోజనాలు. పాటలు నావి. మూడు వారాలు కూర్చుని పదకొండు పాటలు ఎంచుకున్నాను. చాలావాటిలో మాటలు ఉండవు, తాళమే ఉంటుంది. మెల్లగా మొదలై మెల్లగా వేగం పెరిగేట్టు అమర్చుకున్నాను. ఆ రోజు చెయ్యి ఎంత బాగా సాగిందంటే, ఎక్కడ ఏ పాట అయిపోయి ఏది మొదలైందో నాకే అనుమానం వచ్చింది. ముప్పావు గంట గడిచింది. పెద్ద గుమాస్తా మెడలో దండతో, చేతిలో పాయసం గ్లాసుతో నా దగ్గరికి వచ్చినాడు. మెచ్చుకుంటాడని హెడ్‌ఫోన్లు తీసినాను.

"ఏమప్పా," అన్నాడు, "ముప్పావు గంట నుంచి ఒకే పాట పెట్టుకుని కూర్చుండావు. నా రిటైర్మెంటు అయిపోతాండాది. ఇంకోటి ఎయ్యి."

పదకొండు పాటలు అని చెప్పబోయినాను. రిటైర్ అయ్యేవాడితో వాదన ఎందుకని మానుకున్నాను. టక్కున ఆపేసి, రెండు క్షణాలు హాలంతా నిశ్శబ్దంగా వదిలేసి, అందరికీ తెలిసిన ఒక సినిమా పాట వేసినాను. చప్పట్లు కొట్టినారు. ఎవరో వెనకనుంచి, "ఇది, ఇప్పుడు మార్చినాడు సూడు," అన్నారు.

తర్వాత రెండు ఫంక్షన్లకు అట్లనే చేసినాను. ఒక పాట, ఒక ఆగడం, ఇంకో పాట. "ఇప్పుడు బాగా నేర్చుకున్నావు," అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుతో మనసు విరిగింది. తిట్టి ఉంటే ఇంకో రెండేళ్లు పట్టుదలగా చేసి ఉండేవాణ్ని. మిషన్ బీరువా ఎక్కింది.

ఆఫీసులో నా పక్క సీటు సారుకు ఈ విషయం తెలిసింది. ఆయన బామ్మర్ది రామగిరిలో టెంట్ హౌస్ నడుపుతున్నాడు. "వాడుకోకపోతే వానికన్నా ఇయ్యప్పా. మన ఇంట్లో ఉన్నా ఒకటే, వాని కాడ ఉన్నా ఒకటే," అన్నాడు. నెలరోజులు ఏదో ఒకటి చెప్పి దాటేసినాను. గౌను చూసిన ఆ శనివారం ఆయనకు నేనే ఫోన్ చేసినాను. రేపు ధర్మవరంలో మా నాయన ఇంటికి పోతున్నాను, మిషన్ అక్కడికి తెస్తాను, సాయంత్రం అయిదింటికి వచ్చి తీసుకుపొమ్మనండి అని. అది విని మా ఆవిడ గౌను ఒకవైపు విప్పి గుండీలు కుట్టింది. పరాయి ఇంటికి పోతోంది కదా, వాళ్లు ఇబ్బంది పడకూడదని.

ఆదివారం పొద్దున ధర్మవరంలో దిగేసరికి మా ఇంట్లో వార్పు అతికే పని మొదలైంది. మా నాయన చీరలు నేస్తాడు. మగ్గం మీద పడుగు అయిపోవస్తే కొత్త పడుగు తెస్తారు. దాన్నే మావాళ్లు వార్పు అంటారు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒకటొకటిగా పురిపెట్టి అతకాలి. నాలుగు వేల పోగుల పైనే ఉంటాయి. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుని, ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, మెలిపెట్టి వదిలేయాలి. అతుకు లావైతే పోగులను విడదీసే దువ్వెనలాంటి పన్నెలో పట్టుకుంటుంది. వదులైతే ఊడిపోతుంది. మా వీధిలో ఈ పని మా మేనత్తది, నాయన చెల్లెలు. కొత్త వార్పు వచ్చిన ప్రతి ఇల్లూ ఆమెను పిలుస్తుంది.

అత్త పక్కన ఫోను పాడుతోంది. రెండు పాటలకు ఒకసారి సిమెంటు ప్రకటన వస్తోంది. వచ్చినప్పుడల్లా అత్త చెయ్యి ఆగుతోంది. చేతులకు బూడిద, ఫోను ముట్టుకోలేదు. నాయన లేచి వచ్చి ఆపాలి.

"ఒరేయ్, ఆ స్టవ్వు తెచ్చినావు గదా," అన్నాడు నాయన. "పోయేలోపల ఈడ ఏదన్నా పెట్టు. ఈ సిమెంటుకు లేచి లేచి నా మోకాళ్లు పోతాండాయి."

ఎట్లాగూ ఇచ్చేసే ముందు పనిచేస్తోందో లేదో చూడాలి. గౌను గుండీలు విప్పి, మగ్గం గుంత పక్కన చాప మీద పెట్టి, నాకు చేతికొచ్చిన పాత జాబితానే మొదలుపెట్టినాను. రిటైర్మెంటు జాబితా. కాసేపటికి నాయన, "పాట ఇంకా మొదలు కాలేదా?" అని అడిగినాడు. మొదలై నాలుగు నిమిషాలు అయిందని చెప్పినాను.

మొదటి పాటలోంచి రెండో పాటలోకి పోయినాను. ఎనిమిది నెలల తర్వాత కూడా చెయ్యి మరిచిపోలేదు. మనసులో కొంచెం గర్వపడుతుండగా అత్త తల ఎత్తింది.

"మారింది," అంది.

"ఏమి అత్తా?"

"పాట. ఇప్పుడు మారింది గదా. ఈడ లావైంది అతుకు."

ఆరేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి. పెనుకొండ హాలులో రెండు వందల మంది ఉన్నారు. వాళ్లెవరికీ కనపడనిది, వంచిన తల ఎత్తకుండా పోగులు చూసుకునే మనిషికి కనపడింది. నాకు సంతోషమూ రోషమూ ఒకేసారి వచ్చినాయి. రెండో అతుకు ఇంకా జాగ్రత్తగా వేసినాను. జాగ్రత్త ఎక్కువై అది ఇంకా పాడైంది. అత్త మళ్లీ తల ఎత్తింది.

"చూడు అల్లుడా," అంది, వేళ్లు ఆపకుండానే. "పాతదాని లావు, కొత్తదాని లావు రెండూ ఒకే చోట పెడితే గడ్డ కడతాది. పాతది సన్నబడతాంటే కొత్తది లావెక్కల్ల. అప్పుడు చేతికి తగల్దు."

ఆమె పోగుల గురించి చెబుతోందో పాటల గురించి చెబుతోందో నాకు తెలియదు. ఆమెకు రెండూ వేరని కూడా తెలిసినట్టు లేదు. ఇంటర్నెట్‌లో మూడు నెలలు ఒక కోర్సు చేసినాను నేను. ఇంగ్లీషులో, పన్నెండు వీడియోలు. మొత్తం కలిపి ఈ మాటే చెప్పినారు, ఇంత బాగా కాదు.

ఆ తర్వాత భోజనానికి నాయన రెండుసార్లు పిలిచినాడు. మూడోసారి పిలవలేదు. సంగటి ముద్ద కంచంలో ఆరిపోతోంది. నేను కిందటి పాట బరువు తగ్గిస్తూ, కొత్తపాట బరువు పెంచుతూ, అత్త తలనే చూస్తున్నాను. నాలుగో అతుక్కు తల కొంచెం కదిలింది. అయిదోదానికి కళ్లు మాత్రం. ఆరోదానికి ఏమీ లేదు. ఎవరూ తల ఎత్తకపోతే అంత ఆనందం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదని ఏడ్చినవాణ్ని, ఇప్పుడు పట్టించుకోకూడదని చెమటలు కార్చుకుంటున్నాను.

ఆ ఊపులో ఒక పొరపాటు చేసినాను. జాబితా అయిపోయినా అదే లెక్కన వేగం పెంచుకుంటూ పోయినాను. మూడింటికి అత్త వేళ్లు చూస్తే పాటతో పాటే పరిగెత్తుతున్నాయి. నా పాటకు ఇంతవరకు ఎవరూ కాలు కదిపింది లేదు. ఇక్కడ పది వేళ్లు ఆడుతున్నాయి. ఇంకొంచెం పెంచినాను. నాయన వచ్చి వార్పు మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా లాగి చూసినాడు. ఒక పట్టెడు పోగులు, చేతికి పట్టినంత, మెత్తగా ఊడి కిందికి జారినాయి.

ముగ్గురమూ వాటిని చూసినాము.

"నా చెయ్యి ఎప్పుడూ ఇట్ల పోలేదు," అంది అత్త. నన్ను తిట్టలేదు, తన వేళ్లనే అనుమానంగా చూసుకుంది.

"నీ చెయ్యి కాదు, వీని స్టవ్వు," అన్నాడు నాయన. "మంట తగ్గించురా."

తగ్గించినాను. ఊడినవన్నీ మళ్లీ అతకడానికి గంట పట్టింది. ఆ గంటలో నేను వేగం ఒకే చోట పట్టి, అత్త వేళ్లకు తగ్గట్టు పాటలు ఎంచుకున్నాను. ఏ పాట నాకిష్టం అని కాదు, ఏది ఆమె చేతికి సరిపోతుందని. ఒక్క పోగు జారలేదు. నాయన రెండుసార్లు లాగి చూసి, ఏమీ అనకుండా వెళ్లి కూర్చున్నాడు. మా నాయన ఏమీ అనలేదంటే అది పెద్ద మాటే.

అయిదింటికి రామగిరి నుంచి సారు బామ్మర్ది బండి మీద వచ్చినాడు. మంచివాడు. అరుగు మీద కూర్చుని టీ తాగి, లోపలికి తొంగిచూసి, "అదేనా?" అన్నాడు.

"అదే. ఈ పాట అయిపోనీ అప్పా," అన్నాను.

ఆ పాట ఇంకో పాటలోకి పోయింది. అది ఇంకోదాంట్లోకి. అర్ధగంటకు ఆయన మళ్లీ తల లోపలికి పెట్టి, "ఏమప్పా, పాట ఇంత పొడుగా?" అని అడిగినాడు.

ఆ మాట నాకు కోపం తెప్పించి ఉండాలి. ఈసారి మాత్రం నవ్వొచ్చింది. ఒకే పాట అనుకున్నాడంటే అతుకులన్నీ కుదిరినట్టే. లేచి అరుగు మీదికి పోయి, ఇవ్వలేనని చెప్పినాను. ఇంత దూరం వచ్చినవాణ్ని ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని ఆ గౌను మడిచి ఇచ్చినాను. టెంట్ హౌస్‌లో యాంప్లిఫయర్‌కు సరిపోతుందని, గుండీలు కూడా ఉన్నాయని చెప్పినాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సీటు కింద పెట్టుకుని పోయినాడు. సోమవారం పక్క సీటు సారుకు ఏం చెప్పాలో సోమవారం చూసుకోవచ్చు.

లోపలికి వచ్చేసరికి వార్పు అయిపోయింది. అత్త లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, తొట్టి దగ్గర చేతులకు అంటిన బూడిద కడుక్కుంటోంది. మధ్యాహ్నం నుంచి అరవైకి పైగా అతుకులు వేసినాను. ఆమె తల ఎత్తినవి తొమ్మిదే. మిషన్ నాదే అని చెప్పేసిన ఉత్సాహంలో, పక్కకు పోయి నిలబడి అడిగినాను.

"అత్తా, నిజం చెప్పు. ఎట్లుండాయి అతుకులు?"

అత్త చెంగుకు చేతులు తుడుచుకుంది.

"అతుకులు బాగుండాయి," అంది. "పాటలే బాగాలేవు."