పై పొరకే పిన్ను

"గాలొస్తే? అంతమంది ముందు గాలొచ్చి ఆ గుడ్డ ఎగిరిపోతే ఏం చేస్తావే?"

దుకాణం గుమ్మంలో నిలబడి మా అమ్మాయి విద్యను అడిగానీ మాట. దానికి పదేళ్లు. ఈ ప్రశ్న ఆ వారంలో ఎన్నోసారో లెక్క లేదు కాబట్టి కళ్లు తిప్పింది. జవాబు లోపల కుట్టుమిషను వెనకనుంచి వచ్చింది, అదీ తెలుగులో.

"ఎగరదమ్మా. నువ్వు దాన్ని కట్టిపడెయ్యకపోతే ఎగరదు."

అది 1984 ఆగస్టు చివరి వారం. సన్నీవేల్‌లో పళ్ల డాక్టరు ఆఫీసు వెనక, స్కాట్లండ్ దుస్తులు అమ్మే చిన్న దుకాణంలో తెలుగు వినపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. మిషను వెనకనుంచి యాభై అయిదేళ్ల ఆవిడ లేచి వచ్చింది. నేత చీర మీద మగవాళ్ల స్వెట్టరు, మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆవిడ పేరు బాలమణి. పేరు నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది ఆవిడ చేతి వేళ్లు. సంచిలోంచి నేను తీసిన కిల్ట్‌ను బల్ల మీద పరిచి, చిరుగు అంచును వేలితో తడిమి, "రెండు పొరలకీ కలిపి పెట్టావు కదూ పిన్ను?" అంది.

తల ఊపాను.

విద్య ఆర్నెల్లుగా పిల్లల పైప్ బ్యాండులో, అంటే స్కాట్లండ్ తిత్తిబూరల మేళంలో, డ్రమ్ము నేర్చుకుంటోంది. స్కూల్లో ఎవరో వాయిస్తుంటే విని, తనూ చేరతానని పట్టుబట్టింది. ఆ శనివారం ఫెయిర్ గ్రౌండ్స్‌లో జరిగే స్కాటిష్ ఆటల్లో మొదటిసారి బ్యాండుతో నడవాలి. కిల్ట్ బ్యాండువాళ్లే ఇచ్చారు. నడుము చుట్టూ చుట్టే గళ్ల ఉన్నిగుడ్డ అది. వెనకంతా కుచ్చిళ్లు, ముందు రెండు పొరలు ఒకదానిమీద ఒకటి. కింద కుడిమూల పెట్టుకోవడానికి ఒక పెద్ద పిన్ను కూడా ఇచ్చారు. చీర కుచ్చిళ్లకి పెట్టినట్టే, దాన్ని రెండు పొరల్లోంచీ గుచ్చి మూశాను. అది చాలదేమోనని లోపల ఇంకో రెండు పిన్నీసులు పెట్టాను. ఆదివారం ప్రాక్టీసులో మలుపు దగ్గర పిల్ల పెద్ద అడుగు వేయగానే గుడ్డ బెత్తెడు మేర చిరిగింది.

బ్యాండును నడిపించే పైప్ మేజర్ ఫెర్గసన్ గట్టిగా ఏమీ అనలేదు. "శనివారం ఉదయం డ్రెస్ చూస్తాను. సరిగ్గా ఉంటే లైన్లో ఉంటుంది, లేకపోతే ఈసారికి పక్కన కూర్చుని చూస్తుంది" అన్నాడు. కార్‌లో విద్య నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చుంది. నేను పెట్టిన పిన్నుకి శిక్ష దానిది.

"అవుతుందా అండీ?" అని అడిగాను.

"గురువారానికి అవుతుంది. ఈ పిల్ల నడుస్తుందా లేదా అన్నదే చూడాలి."

నడుము పట్టీ లోపలి మడతలోంచి అదే గుడ్డ పోగులు నాలుగు లాగి, వాటితోనే చిరుగు అల్లడం మొదలుపెట్టింది. ఎర్రపోగు ఎర్రగీత మీద, పచ్చపోగు పచ్చగీత మీద. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను, ఊరుకోవడం రాదు. ఇంట్లో ఆ పిన్నును వంటింటి త్రాసులో పెట్టి చూశాను, ఇరవై ఎనిమిది గ్రాములు. కిల్ట్ కిలో పైనే. పిన్ను పొరల్ని కట్టడానికి కాదు, పై పొరకి బరువుగా మాత్రమే అని ఆవిడ అంటే, నా చదువు సంగతి చెప్పి, ఇంత చిన్న బరువు అంత గుడ్డని ఎలా ఆపుతుందని అడిగాను.

"నేనూ అడిగాను, ఇక్కడ చేరిన కొత్తలో. మా దుకాణం ఓనరు మిసెస్ గిల్‌క్రిస్ట్ 'అది పద్ధతి' అంది. పద్ధతి అంటే నాకు ఒళ్లుమంట. అందుకని చూశాను. నువ్వూ చూడు."

చిరుగు అల్లడం మధ్యలో ఆపి విద్యకు దుకాణంలోని వేరే కిల్ట్ కట్టి, టేబుల్ ఫ్యాను తెచ్చి కాళ్ల ముందు నేలమీద పెట్టింది. ముందు నేను పెట్టినట్టే రెండు పొరలూ కలిపి పిన్ను పెట్టింది. గాలి లోపలికి దూరి, పోవడానికి దారి లేక, మొత్తం గుడ్డ దిండు గలీబులా ఉబ్బింది. తర్వాత పిన్ను తీసి పై పొరకు మాత్రమే గుచ్చింది. పై అంచు కొంచెం లేచి, పడింది. కింది పొర కదలనే లేదు. విద్య రెండుసార్లు గెంతింది. మళ్లీ అంతే.

"ఇప్పుడు చెప్పు, ఫిజిక్సమ్మా" అంది ఆవిడ.

బాలమణిగారిది తుని. మిషను కుట్టు సర్టిఫికెట్టు తీసుకున్నారు. భర్త భీమశంకర్‌గారికి డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వస్తే 1971లో ఈ దేశం వచ్చారు. డ్రైవింగ్ రాదు, కాబట్టి ఇంటినుంచి నడిచి వెళ్లగలిగిన ఒకే ఒక ఉద్యోగం ఇది. వారం రోజులకి అని చేరి పదమూడేళ్లు ఉండిపోయారు. స్కాట్లండ్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం వెనకగదిలో పెరుగన్నం తిని, మూడింటికి ఆరడుగుల తెల్ల పెద్దమనుషుల్ని అద్దం ముందు నిలబెట్టి, "మిస్టర్, దిస్ బ్యాగ్ ఈజ్ నాట్ ఫర్ యువర్ నేవెల్" అని దబాయిస్తారు. వాళ్లు గబగబా సంచి కిందికి జరుపుకుంటారు.

నడుము ముందు వేలాడే ఆ తోలుసంచిని స్పోరాన్ అంటారు. కిల్ట్‌కి జేబులుండవు, అదే జేబు. బకిల్‌కి బెత్తెడు కింద ఉండాలి. పగలు మామూలు తోలుది, సాయంత్రం విందుకైతే బొచ్చుది. విద్య గాజుపెట్టెలోంచి అన్నీ ఏరుకొచ్చింది. పెద్ద బకిలున్న బెల్టు, బంగారు రంగు పిన్ను, రాయి పొదిగిన బ్రోచి, మేజోడులో దోపుకునే బుల్లి కత్తి.

"వెయిస్ట్‌కోట్ వేస్తున్నావా? అయితే బెల్టు వద్దు. నీ బటన్లు వెండి రంగు, పిన్నూ వెండి రంగుదే పెట్టు. మెరిసేవి ఒకదానితో ఒకటి పోట్లాడకూడదు. బ్రోచి పెద్దయ్యాక చూద్దాం. కత్తి అక్కడ పెట్టెయ్."

"దట్స్ నాట్ ఫెయిర్, ఆంటీ! పైప్ మేజర్ పెట్టుకుంటాడు కదా?"

"నువ్వు కత్తి పెట్టుకుంటే మీ అమ్మ అంబులెన్స్ వెంటబెట్టుకుని వస్తుంది."

విద్య ఆదివారం తర్వాత మొదటిసారి నవ్వింది, నన్ను చూసి.

ఆ తర్వాత ఆవిడ స్పోరాన్‌ను ముందునుంచి ఎడమ తుంటి మీదికి జరిపింది. డ్రమ్ము వాయించేవాళ్లు అలా జరుపుకోవాలట, లేకపోతే డ్రమ్ము దాన్ని గుద్దుతూ ఉంటుంది. మేజోళ్లు మోకాలి చిప్పకి మూడు వేళ్ల కిందికి మడిచి, రిబ్బను ముక్కలు కాలి బయటివైపుకి వచ్చేలా సర్దింది. బూట్ల తాళ్లు చీలమండ చుట్టూ తిప్పి ముడి వేసింది. అప్పటిదాకా నేను ఆవిడ పిన్నుల దిండును గమనించలేదు. దాని పైగుడ్డ పాత కిల్ట్ ముక్క, మధ్యలో అల్లని చిరుగు.

"అది నాదే" అంది ఆవిడ. "చేరిన నెలలో ఒక పెళ్లికొడుక్కి నీలాగే రెండు పొరలూ కలిపి కుట్టినట్టు పిన్ను పెట్టాను. చర్చిలో మోకాళ్ల మీద కూర్చోగానే చర్రుమంది. పాపం, లేవలేక కూర్చున్నాడు. మిసెస్ గిల్‌క్రిస్ట్ తిట్టలేదు. చిరిగిన ముక్క నా చేతికిచ్చి, దీన్ని రోజూ చూసుకో అంది. తిట్టినా బాగుండేది."

గురువారం కిల్ట్ తీసుకున్నాం. చిరుగు ఎక్కడుందో లెన్సు పెట్టి వెతికితే తప్ప తెలియలేదు. శనివారం ఉదయం ఫెర్గసన్ వరస వెంట నడుస్తూ విద్య దగ్గర ఆగాడు. పిన్ను చూశాడు, పై పొర ఒక్కదాన్నే వేలితో ఎత్తి చూశాడు, స్పోరాన్ పక్కకి ఉందని చూశాడు. "గుడ్" అన్నాడు. మా ఆయన శ్యామ్‌సుందర్ కెమెరా ఎత్తాడు. నా చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులో పిన్నీసు మీద ఉంది.

గడ్డి మైదానం మధ్యకి వచ్చేసరికి గాలి వచ్చింది. పక్కనున్నవాళ్ల టోపీలు ఎగిరాయి. విద్య కిల్ట్ పై అంచు లేచింది, పడింది. పిల్ల అది చూసుకోలేదు. డ్రమ్ము మీదే కళ్లు, నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. మలుపు దగ్గర అందరితో పాటు పెద్ద అడుగు వేసింది.

నేను పిన్నీసు వదిలేశాను. ఎప్పుడు వదిలానో నాకు తెలియలేదు.

ఈమధ్య విద్యకు కొత్త బూట్లు కొన్నా, స్కూలు సంచి పట్టీలు బిగించినా, సైకిల్ మీద మొదటిసారి రోడ్డెక్కించినా, ముందు నోరు మూసుకుంటున్నాను. ఆ గురువారం కిల్ట్ ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి బాలమణిగారు చెప్పిన మాటే పాటిస్తున్నాను. "అద్దం ముందు నిలబెట్టి సర్దకమ్మా. ముందు పది అడుగులు నడవనియ్యి. ఏది బిగించాలో, ఏది వదలాలో ఆ నడకే చెబుతుంది."