అందరికీ ఎడమచేతికే

మాచర్ల రోడ్డు పక్కనున్న నాపరాళ్ళ గనికి నేను గుమాస్తాని. ముందురాత్రి లెక్కల పనిమీద గని దగ్గరే పడుకున్నాను; అందుకే మా పక్కింటి బాబాయి పోయాడన్న కబురు మొన్న మంగళవారం పొద్దున గేటు దగ్గర విన్నాను. చెప్పినవాడు ఆగలేదు. "మీ బాబాయి తెల్లారుజామున పోయాడంట. నా హాజరు ఏసుకో సామీ," అంటూనే గనిలోకి దిగిపోయాడు. వాణ్ణి తప్పుపట్టను. ఆలస్యమైతే సగం కూలి కోసేది నేనే.

ఆయన నాకు చుట్టం కాడు. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ, అంతే. నాపరాయిని పలకలుగా చీల్చడంలో మా గనిలో ఆయన్ని మించినవాడు లేడు. కుడిచేత్తో ఉలి పట్టి, ఎడమచేత్తో సుత్తి వేసేవాడు. దెబ్బ వేసేముందు రాయిని వేలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. "దీనికియ్యాల కోపంగా ఉందిరా, రేపు చూద్దాం," అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. మాట వినకుండా ఇంకొకడు కొడితే ఆ రాయి ముక్కలైపోయేది. తాగేవాడు కాదని అబద్ధం చెప్పను. తాగితే మాత్రం, నా పెళ్ళి భోజనాల్లో తనకి గారె వెయ్యలేదని ఇన్నేళ్ళ తర్వాత కూడా గోడ మీదుగా తగాదా పెట్టుకునేవాడు.

నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో మా పేటకి కలరా వచ్చింది. మనుషులు పోయారు. సూది వేయించుకున్న చీటీ లేనిదే ఎవర్నీ గనిలోకి రానివ్వొద్దని యజమాని హుకుం. సూది తప్పని నేననను. కానీ అది వేస్తే చెయ్యి వాచి రెండు రోజులు జ్వరం కాసేది. వరసగా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టెయ్యమన్న హుకుం కూడా ఆ యజమానిదే. జనం బెదిరిపోయి సూదే వద్దన్నారు. బాబాయే ఒప్పించాడు.

"జొరం రెండ్రోజులుంటది. కలరా అయితే మనిషే ఉండడు. ఏయించుకోండి, మిగతాది నే మాట్టాడతా."

మాట్లాడాడు. నేను అక్కడే ఉన్నాను. జ్వరం రోజులకి కూలి ఇప్పించమని అడిగితే యజమాని వినబడనట్టు నా హాజరుపుస్తకం తిరగేశాడు. "పోనీ, సూదన్నా ఎడమచేతికి ఏయించండయ్యా. సుత్తి పట్టే చెయ్యి వాస్తే మా బతుకులేం గాను?" అన్నాడు బాబాయి. యజమాని "సరే, అందరికీ ఎడమచేతికే. రాసుకో," అన్నాడు నాతో. రాశాను. అంతమంది తరఫున అడిగిన ఆ మనిషికి తన సుత్తి ఎడమచేతిలో ఉంటుందన్న సంగతి గుర్తుకు రాలేదు. నాకూ తట్టలేదు.

మర్నాడు వరసలో తన వంతు వచ్చాక ఆయన కుడిచేతి చొక్కా మడిచాడు. కుర్చీలో కూర్చున్న యజమాని చూశాడు.

"ఏందది?"

"నాది పుర్రచేతి వాటం గదయ్యా. నాకు కుడిచేతికి ఎయ్యమనండి."

"అడిగేదీ నువ్వే, మార్చేదీ నువ్వేనా? ఏం రాశావో చదవరా," అన్నాడు నాతో.

చదివాను. కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని మరీ చదివాను. ఆయన సుత్తి ఏ చేత్తో పడతాడో పదేళ్ళుగా చూస్తున్నవాణ్ణి, ఒక్కమాట అనలేదు. నాకూ పెళ్ళాం పిల్లలున్నారని సర్దిచెప్పుకున్నాను. చీటీ లేకపోతే పని లేదు. బాబాయి ఎడమచెయ్యి చాపాడు. కాంపౌండరు అప్పటిదాకా అందరికీ వాడిన సూదినే దూదితో తుడిచి గుచ్చాడు.

మిగతావాళ్ళు మూడోరోజుకి పనిలోకొచ్చారు. ఆయన చెయ్యి మోచేతిదాకా గడ్డకట్టి చీముపట్టింది. నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళి గడ్డ కోయించారు. నాలుగోరోజు పొద్దున ఆయన పేరు కొట్టేసింది నేనే. గాయం మానింది గాని, మోచెయ్యి వంగినది వంగినట్టే బిగుసుకుపోయింది. మూడు నెలల తర్వాత వచ్చి బతిమాలుకుంటే, ఆడవాళ్ళతో కలిసి రాతిముక్కలు ఎత్తిపొయ్యమన్నారు. కూలి కూడా ఆడకూలే. ఆయన వచ్చిన మొదటిరోజు మగవాళ్ళెవరూ తలెత్తలేదు.

"ఈడ కబుర్లు బాగుంటాయిరా. ఇన్నేళ్ళూ మీ మొహాలు చూసి నే బాగుపడింది ఏముందిలే," అన్నాడాయనే. నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈరోజుకీ నాకు సిగ్గేస్తుంది.

నన్ను ఒక్కనాడూ తిట్టలేదు. ఒకే ఒక్కసారి, తాగి ఉన్నప్పుడు, గోడ అవతల నుంచి నెమ్మదిగా అన్నాడు. "ఆ రోజు కళ్ళజోడు తేలేదని చెప్పినా సరిపోయేది గదరా అబ్బాయ్." నేను దీపం ఆర్పుకుని పడుకున్నాను.

మంగళవారం సెలవడిగితే యజమాని గంటసేపు ఇచ్చాడు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి పాడె మీద పడుకోబెట్టారు. రెండు చేతులూ గుండెల మీదికి చేర్చాలని చూస్తున్నారు. కుడిచెయ్యి వచ్చింది. ఎడమది రాలేదు. ఒకతను మోకాలు ఆనించి బలంగా గుంజాడు. అప్పటిదాకా ఏడవకుండా కూర్చున్న పిన్ని ఒక్కసారిగా లేచొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"లాగమాకయ్యా. అది ఆయనకి చానా నొప్పి."

వదిలేశారు. పైన తెల్లగుడ్డ కప్పితే మోచెయ్యి ఉన్నచోట ఎత్తుగా నిలబడింది. పాడెకి కట్టే తాడు దాని మీదుగానే పోవాల్సి వచ్చింది. నలుగురూ నన్ను చూసి, దగ్గరివాణ్ణని పక్కకి జరిగారు. బిగించి ముడి వెయ్యమని తాడు కొస నా చేతికిచ్చారు.