బల్ల దిగని ఎస్తేరమ్మ

మా పెద్దమ్మ ఎస్తేరమ్మ పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఊడ్చే పని చేసేది. ఆదివారం మాత్రం ఆమె మహారాణి. జోగిపేట దారిలోని మా ఊరి చర్చిలో కిటికీ పక్క బల్లమీద దర్జాగా కూర్చునేది. ఆ బల్లలు ఒకప్పుడు తెల్లదొరలు చేయించినవి. తన చోట ఇంకెవరైనా కూర్చుంటే పాట మధ్యలోనే లేపేసేది.

ఎనభై ఏడులో మాకు రత్నాకర్ అనే కొత్త పాస్టరు వచ్చాడు. అప్పుడే చదువు ముగించిన కుర్రాడు. మనసు మంచిది, నోరే ఆగదు. తెల్లవాళ్లు దేశాన్ని దోచుకుని, పోతూపోతూ తమ అలవాట్లు మన నెత్తిన పెట్టిపోయారని ప్రసంగంలో నిప్పులు చెరిగాడు. యేసుప్రభువు నేలమీద కూర్చుని తిన్నవాడే, కాబట్టి పై వారం నుంచి బల్లలు తీసేసి చాపలు వేద్దామన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. అన్నం వేళకు మావాళ్లు దేనికైనా ఆమెన్ అంటారు.

పై ఆదివారం కుర్రాళ్లు బల్లలు మోస్తుంటే పెద్దమ్మ దిగనంది. బతిమాలారు, కసిరారు. చివరికి ఆమెతో సహా బల్ల ఎత్తారు. పెద్దమ్మ గొడుగు విప్పుకుని, పెళ్లికూతురిలా ఊరేగి, వేపచెట్టు కిందికి చేరింది. లోపల పాట మొదలవగానే బయట అదే పాటను వేరే రాగంలో, అందరికన్నా గట్టిగా అందుకుంది. లోపలివాళ్లు కూడా ఆమె రాగంలోకి జారిపోయారు. పాస్టరు పాట ఆపించి బయటికొచ్చాడు.

“ఏంటమ్మా ఇది? తెల్లదొర బల్లమీద ఇంత మోజా?”

“తెల్లదొర నాకేమన్న సుట్టమా అయ్యగారూ? మా తాతతోని బూట్లు తుడిపిచ్చుకున్నడంట. నేను మొక్కేది ఏసయ్యకు, దొరకు గాదు. గని పటేలు వాకిట్ల మా అవ్వ నేలమీదనే కూసుండె. కంపెనీల సార్లు కుర్చీలల్ల, నేను కిందనే. గీడ ఒక్కకాడనే గద బల్లెక్కిన! గిది గూడ గుంజుకుంటరా? మరి లోపల మీ పెద్ద కుర్చీ అట్లనే ఉన్నదేంది? అది ఏసయ్య సొంతంగ చెక్కిండా?”

నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్లూ ఆమెది ఉత్త మొండితనం అనుకున్నాను.

పాస్టరుకు నిజంగానే తన కుర్చీ గుర్తు రాలేదు, పాపం. తెల్లంగీతోనే ఆమె ముందు మట్టిలో కూలబడ్డాడు.

పెద్దమ్మ గొడుగు పక్కన పడేసి బల్లమీద ఓ మూలకు జరిగింది.

“వద్దు బిడ్డా, లెవ్వు. వచ్చి గీడ కూసో. కింద కూసునుడు ఎట్లుంటదో నాకెరుక.”