ఎవరెవరికి పెట్టినాడో అడగొద్దు

మా వీధి వంటమామ పోయినాడు. నంద్యాలలో పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే మామ. పోయిన శుక్రవారం మధ్యాహ్నం నమాజు చదివి వచ్చి, మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగినాడంట. అత్త చెంబు తెచ్చేలోగా అయిపోయింది. సమాధి మట్టి ఆరకముందే ఫోన్లలో పొగడ్తలు మొదలైనాయి. "మహాదాత" అని ఒకడు, "పేదల పాలిటి దేవుడు" అని ఇంకొకడు. చదివి ఒళ్ళు మండింది. దేవుడు ఒక్కడే అని జీవితమంతా మొక్కిన మనిషిని దేవుణ్ణి చేయడమేంది? దాత అన్న మాట ఎదురుగా అనుంటే గరిటె తిరగేసేవాడు.

ఆయన పద్ధతి చెప్తాను, మీరే చెప్పండి. ఇస్లాంలో జకాత్ అని ఒకటుంది. అది కలిగినవాడు తప్పక ఇయ్యాల్సింది. సదకా అట్లా కాదు, ఎవరూ అడగరు, మనసుకు తోస్తే ఇచ్చేది. మామ సదకా శుక్రవారం అన్నం. తన సంపాదనతోనే డేగిసా నిండా కుష్కా, అదే ముక్కలేని బిర్యానీ అన్నం, వండి, మూత పెట్టిన గిన్నెల్లో వీధిలో ప్రతి ఇంటికీ పంపేవాడు. నెల జీతం తీసుకుంటా మేడ కట్టుకున్న నాకు కూడా.

"మాకెందుకు మామా? లేనోళ్ళకు ఇయ్యి" అంటే కసిరినాడు.

"లేనోళ్ళకే ఇస్తే వాళ్ళు లేనోళ్ళని వీధంతా తెలుస్తాది గదప్పా. మాట్లాడకుండా తిను."

అంటే నేను అడ్డుతెర అన్నమాట. ఆ అన్నం ఎవరికోసమో ఉడికేది. వాళ్ళెవరో కనపడకుండా ఉండడానికి మేమంతా తినేవాళ్ళం.

ఒకసారి మా ఇంటామె గిన్నెను ఖాళీగా తిప్పి పంపగూడదని మైసూరుపాకు పెట్టి పంపింది. మామ ఆ గిన్నె పట్టుకుని మా మెట్లెక్కినాడు.

"ఏం పని చేసినావ్ పాపా? నువ్వు మిఠాయి పెడితివి. అది చూసి ఇంకొక ఇంట్లో, ఏ ఇల్లని అడగాకు, మేమూ ఏమన్నా పెట్టల్ల గదా అని చక్కెర అప్పు తెస్తారు. నీ మర్యాద వాళ్ళ నెత్తిన పడ్తాది. ఖాళీ గిన్నె పంపు."

అని తిట్టి, మైసూరుపాకు మాత్రం అక్కడే నిలబడి తినేసి పోయినాడు.

ఆయనతో నేను కొట్లాడినంతగా ఇంకెవరితోనూ కొట్లాడలేదు. దానం పుండు మీద గుడ్డ, పుండు మాన్పదు అని నా వాదం. ఇప్పటికీ అదే అంటాను. రేషను సరిగా అందితే, కూలి సరిగా దక్కితే, శుక్రవారం గిన్నె కోసం ఎవరూ తలుపు వైపు చూడరు. మామ ఉల్లిగడ్డలు తరుగుతా వినేవాడు.

"నువ్వు హక్కు తే. నేనేమన్నా వద్దంటాండనా? అది వచ్చేదాంక వాళ్ళు యాడ తినల్ల?"

సదకా ఇస్తే బలా, అంటే ఆపద, తప్పుతుందని ఆయన నమ్మకం. పొయ్యి పొగకు కండ్లు చెడి, మోకాళ్ళు అరిగి, గోడ పట్టుకుని నడిచే రోజుల్లో కూడా అదే మాట. నాకు రేగింది. "ఇన్నేండ్లు పెట్టినావ్, నీ ఆపదలు యాడ తప్పినాయి మామా?"

"ఆకలి ఆపద కాదా అప్పా? తప్పుతాంది గదా. నాదే తప్పాలని యాడుంది?"

నేను స్వర్గాన్ని నమ్మను. దానానికి పుణ్యం వడ్డీలా పెరుగుతుందంటే నాకు చిరాకు. కానీ ఆ శుక్రవారం గిన్నె వస్తే మెతుకు మిగలకుండా తిన్నాను.

ఇక అసలు కోపానికి వస్తాను. మామ పోయిన మూడోనాడు ఆళ్ళగడ్డ నుంచి ఒక కాంట్రాక్టరు దిగినాడు. వాళ్ళింటి పెళ్ళిళ్ళకు వండింది మామే. అతని మతమేదని అడగొద్దు, ఫ్లెక్సీకి మతం లేదు. వీధి మొదట్లో కట్టించిన దాంట్లో ఒకపక్క మామ ఆధార్ ఫోటో, ఇంకోపక్క చేతులు జోడించిన కాంట్రాక్టరు, మామకు రెండింతలు. ఆటో నిండా బియ్యం మూటలు. మామ పేరు మీద సదకా అంట. బీదోళ్ళ ఇండ్ల ముందర ఇంటివాళ్ళను నిలబెట్టి మూట ఇస్తా ఫోటోలు తీస్తారంట.

అత్త ఇద్దత్‌లో ఉంది. భర్త పోయినాక ఇల్లు కదలకుండా ఉండే రోజులవి. తలుపు వెనక నిలబడింది.

"చాచీ, మామ ఏ ఏ ఇండ్లకు పెడ్తాండె? నువ్వు చెప్పు చాలు, మావాళ్ళు పోయి ఇచ్చొస్తారు" అన్నాడు కాంట్రాక్టరు.

వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఎవరి ముఖంలోకీ చూడలేక నేను కరెంటు తీగల వైపు చూసినాను. ఒక్క పేరు ఆమె నోట జారితే, ఇన్నేండ్లు మామ దాచిన మానం సాయంత్రానికి ఊరందరి ఫోన్లలో తిరుగుతుంది.

"రాసుకో నాయనా" అంది అత్త. "మొదటిది ఆ మేడ ఇల్లు."

మా ఇల్లు!

కాంట్రాక్టరు నవ్వినాడు. "సారు ఇల్లా? తమాషా చేస్తాండావా చాచీ?"

"తమాషా ఏముంది? తిన్నాడు, అడుగు."

"తిన్నా" అన్నాను. "మూట ఈడ దించు. ఫోటోకు నిలబడతా. కింద బీదోడని రాసుకో."

"మీరు పెద్దోళ్ళు సారూ, మీరు గూడా ఇట్లా..."

"రెండోది ఎదురింటి కారు ఆయనది" అత్త ఆగలేదు. "మూడోది మాదే, ఆయన వండింది నేనూ తిన్నా. అట్ల వీధి చివరిదాంక రాసుకో. ఒక్క ఇల్లు తప్పినా ఒప్పుకోను."

ఫోటోలు తీసే అతను కాంట్రాక్టరు చెవిలో అన్నాడు, అందరికీ వినపడేటట్టే: "మేడ ముందర తీస్తే బాగుండదన్నా."

ఒక్క మూట కూడా దించలేదు. బియ్యమే ఇయ్యాలనుంటే ఫోటో లేకుండా ఇచ్చిపోవచ్చు గదా? ఇయ్యడానికి కాదు, ముఖాలు తీసుకుపోవడానికి వచ్చినారు. దొరకలేదు, పోయినారు.

పోతా పోతా ఫ్లెక్సీ విప్పి, గబగబా చుట్టి, ఆటో పైన తాడుతో బిగించినారు. సరిగా చుట్టలేదు. మామ ముఖం సగం బయటే ఉండిపోయింది. ఆటో కుదుపుకు ఆ ముఖం పైకీ కిందికీ ఊగుతా, ఆధార్ ఫోటో తీసేటప్పుడు బెదిరిన ఆ ఒక్క కన్నుతో, ఎండలో ఆళ్ళగడ్డ రోడ్డు పట్టింది.