ఒక్క పిలుపుకే లేచాను

ఆ రోజు వేదిక మీద నుంచి పిలిచింది నన్ను కాదని నాకు తెలుసు. తెలిసే లేచాను. ఈ రెండు మాటల్నీ తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు. డైరీకి కూడా చెప్పలేదు. రోజూ రాసే అలవాటున్న దాన్ని, ఆ తేదీ కింద మాత్రం "ఎండ ఎక్కువగా ఉంది" అని రాసి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గోదావరి మధ్యలో లంక ఊరు. బడికి వెళ్ళాలంటే రెండు పడవలు కలిపి కట్టిన పంటు ఎక్కి పాయ దాటాలి. పదో తరగతిలో మేం ఇద్దరం సత్యవతులం. ఇద్దరి అమ్మలూ అన్నవరం కొండకు మొక్కుకున్నాకే పుట్టాం మరి. నేను పి. సత్యవతిని. ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చి ఉంటాను కనుక పుస్తకాల సత్యని. ఆమె కె. సత్యవతి. వాళ్ళ నాన్న చేపలు పట్టేవారు, ఇల్లు రేవు పక్కనే, కనుక రేవు సత్య.

మా లంకలో పిల్లలకు మొదట నేర్పేది ఒకటుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకే పలకకూడదు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది. అది పిలిచింది వేరొకరినైనా సరే, పలికినవాళ్ళ వెంటే వస్తుందనేది మా నానమ్మ. అందుకే హాజరు వేసేటప్పుడు మేమిద్దరం ఆలస్యంగా పలికేవాళ్ళం. "ఏంటమ్మా, లంక పిల్లలందరికీ చెవుల్లో దూదా? మూడోసారి పిలిస్తే గానీ పలకరా?" అని మా క్లాసు టీచరు గారు నవ్వేవారు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు బడిలో ఉత్తమ విద్యార్థి నాయకులకు షీల్డు పెట్టారు. అది వచ్చినవారికి రాజమండ్రిలో హాస్టలున్న ఒక కాలేజీలో సీటు కోసం తానే ఉత్తరం రాసిస్తానన్నారు. రేవు సత్యకు అది తప్ప వేరే దారి లేదు. పది అయిపోగానే రొయ్యలు ఒలిచే షెడ్డుకు పనికి పంపేస్తామని ఇంట్లో చెప్పేశారు. నాకా? మా నాన్న టీచరు. ఎలాగూ చదివిస్తారు. మరి నాకెందుకు కావలసి వచ్చింది? ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. దొరికిన జవాబు చాలా చిన్నది. ఒక్కసారైనా అందరూ నా వైపు చూడాలని. చూస్తే తట్టుకోలేనని తెలిసీ.

షీల్డు ఎవరికివ్వాలో తేల్చడానికి మా క్లాసంతా చీటీల మీద పేర్లు రాసింది. నా చేతిరాత బాగుంటుందని టీచరు గారు చీటీలు నాకిచ్చి, ఫలితం రాసి హెడ్మాస్టరు గారి టేబుల్ మీద పెట్టమని చెప్పి, సెలవు మీద ఊరెళ్ళిపోయారు. విప్పాను. రేవు సత్య. రేవు సత్య. రేవు సత్య. పంటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చిన్నపిల్లల తలలు లెక్కపెట్టేది ఆమే. గోదావరి పొంగిన రోజుల్లో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో చెప్పేదీ ఆమే. పుస్తకాల సత్యకు ఒక్క చీటీ వచ్చింది. అది నేను రాసుకున్నది.

కాగితం మీద "సత్యవతి, పదో తరగతి" అని రాశాను. ముందు ఇంటిపేరు అక్షరానికి చోటు వదిలాను. అబద్ధం రాయలేదు, ఖాళీ వదిలానంతే. అలా ఎన్నాళ్ళు చెప్పుకున్నానో.

బహుమతుల రోజు మధ్యాహ్నం రేవు సత్య చిన్నపిల్లలకు మంచినీళ్ళు తేవడానికి బయటకు వెళ్ళింది. "సత్యవతి" అన్నారు హెడ్మాస్టరు గారు, ఒక్కసారి. మైకు కీచుమని ఆగింది. బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క పిలుపుకే లేచాను. క్లాసంతా నా వైపు తిరిగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. తమ ఓట్లు పక్కన పెట్టి పెద్దవాళ్ళే నిర్ణయించారనుకున్నారు కాబోలు, ఎవరూ ఏమీ అనలేదు. షీల్డు నా చేతికి వచ్చేసరికి వెనుక గుమ్మం దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. బిందె కింద పెట్టి ఆమె కొడుతోంది. ఆమె కొడుతోంది కనుక అందరూ కొట్టారు.

వారం తిరక్కుండానే మొదలైంది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఎవరూ లేనప్పుడు, వెనక నుంచి "సత్యా" అని ఒక్క పిలుపు. ఆగి చూస్తాను. రెండోది రాదు. నాకు దక్కిన రాజమండ్రి హాస్టల్లో వినిపించింది. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే మండపేట బడిలో, పిల్లలు భోజనాలకు వెళ్ళాక ఖాళీ గదిలో వినిపిస్తుంది. నా మనసే పిలుస్తోందా? అయితే రెండోసారి ఎందుకు పిలవదు? కాగితంలో వదిలిన ఖాళీ షీల్డు మీద ఇత్తడి రేకులోనూ అలాగే వచ్చింది. రేకు నల్లబడింది, పేరు కనిపించడం లేదు. ఆ ఖాళీ ఉన్నంత మేర మాత్రం మెరుస్తూనే ఉంది. అమ్మ రేకంతా ఒకేలా తుడుస్తానంటుంది.

మొన్న మా స్టాఫ్ మీటింగులో, క్లాస్ లీడర్లకు అవార్డులు పెడదామా అన్న మాట వచ్చింది. "పెడితే పిల్లలకి బాధ్యత తెలుస్తుందండి" అన్నారు ఒకరు. "రానివాళ్ళ ఏడుపు మీరు చూస్తారేంటండీ?" అన్నారు ఇంకొకరు. హెడ్మిస్ట్రెస్ గారు నా వైపు తిరిగి, "సత్యవతి గారూ, మీకు చిన్నప్పుడు వచ్చిందటగా! మీరేమంటారు?" అన్నారు.

ఏమనను? షీల్డు లేకపోయినా రేవు సత్య తలలు లెక్కపెట్టేది. కానీ ఆ షీల్డు సరైన చేతికి వెళ్ళుంటే ఆమె చదువుకునేది. ఇవ్వాలనే అనుకుంటున్నాను. ఇంటిపేరుతో సహా, రెండు మూడుసార్లు పిలిచి మరీ ఇవ్వాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. "మీ ఇష్టమండి" అన్నాను.

ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. ఆమె ఎక్కడుందో తెలియదు. వాళ్ళ ఇల్లు గోదావరి కోతలో పోయింది, మనుషులు రొయ్యల షెడ్లు వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయారు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది. అంతే.

పరీక్షలు అయిపోయిన రోజు ఆఖరిసారి కలిసి పంటు ఎక్కాం. ఆమె ఎప్పటిలాగే వేలితో తలలు లెక్కపెట్టింది. నా దగ్గరకొచ్చేసరికి వేలు ఆగింది. నన్ను లెక్కలో వేసుకుందో లేదో తెలియదు. నేనే అడిగాను. "ఆ రోజు పేరు పిలిచినప్పుడు నువ్వు లేవు కదే. ఎప్పుడొచ్చావ్?"

పంటు ఒడ్డు తాకింది. చిన్నవాళ్ళందరినీ ముందు దింపింది. తను దిగుతూ, నా వైపు చూడకుండా అంది.

"గుమ్మంలోనే ఉన్నానే. ఇంకోసారి పిలుస్తారేమోనని ఆగాను."