తిప్పేసిన నాలుగో పేజీ

ఆరేళ్లుగా ఒక సంతకం నా మెడకు చుట్టుకుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. జాలిపడకండి, చిరాకేస్తుంది. నా మీద నాకున్న చిరాకే చాలు.

సీతమ్మధారలో ఒక ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్‌లో నేను కౌన్సెలర్‌ని. పేరు పెద్దదే. పనల్లా, ఇంగ్లిషులో ఉన్న కన్సెంట్ ఫారాన్ని పేషెంటుకు తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవడం. చివర్లో ఒక మాట ఉంటుంది: 'ఆమెకు తెలిసిన భాషలో అంతా చదివి వినిపించాను.' దాని కింద నేను సంతకం పెట్టాలి.

నేను చెప్పబోయే పేషెంటు కంచరపాలెంలో జాకెట్లు కుడుతుంది. అప్పటికి ముప్పై దాటలేదు. పేటలో ఆడవాళ్లందరి కొలతలూ తీసి తీసి, తన కొలత మీద తనకే ఏవగింపు పుట్టిందట. ఎవరి బలవంతమూ లేదు. రొమ్ములు పెంచే ఆపరేషన్ గురించి తనే వాకబు చేసుకుని వచ్చింది. మనిషి నాకు నచ్చింది కూడా. అదొకటి మళ్లీ.

నాలుగో పేజీలో రిస్కులుంటాయి. లోపల పెట్టిన ఇంప్లాంట్ చుట్టూ కట్టిన పొర బిగుసుకుని రొమ్ము గట్టిపడొచ్చు, నొప్పి పుట్టొచ్చు. ఇంప్లాంట్ చిరగొచ్చు. స్పర్శ తగ్గొచ్చు. ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు, మళ్లీ కోయాల్సి రావచ్చు. విడమరిచి చదివితే పావుగంట. ఆ రోజు నేను మూడో పేజీ అవగానే ఐదో పేజీకి తిప్పేశాను.

"రాయిలాగ గట్టిపడిపోద్దని ఎవులో సెప్పినారు మేడం. నిజమేటి?" అని అడిగింది.

"ఫోన్లో ఏవేవో చూసి భయపడకు. ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను.

పెట్టింది. కింద నేనూ పెట్టాను.

ఎందుకలా చేశాను? డాక్టరుగారు తొందరపెట్టారా? లేదు. ఉద్యోగం పోతుందనా? అదీ కాదు. ఒంటిగంటన్నర అయింది, ఆకలేస్తోంది, క్యారేజీలో అరటికాయ కూర ఉంది. అంతే. ఆరేళ్లుగా ఇంతకన్నా గౌరవమైన కారణం కోసం వెతుకుతున్నాను, దొరికి చావడం లేదు.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ వచ్చింది. కుడి రొమ్ము గట్టిపడి చెయ్యి పైకెత్తలేకపోతోంది. కత్తెర పట్టుకుంటే నొప్పి. ఇంప్లాంట్ తీసేయాలి, అంటే మళ్లీ ఆపరేషన్. "ఇలాగవుద్దని నాకెవులూ సెప్పనేదండి" అంది డాక్టరుగారితో. ఆయన ఫైలు తెప్పించి నా సంతకం మీద వేలు పెట్టి చూపించారు. కాగితం మీద ఉన్నదాన్ని ఆయన నమ్మారు.

ఆమె నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది, నా ఖర్మ. "మేడం సదివేరేమోనండి. కంగారులో నానే మర్సిపోనాను" అంది.

నేనేం చేశానో తెలుసా? ఔనన్నట్టు తలూపాను.

చదవకపోవడం బద్ధకం. మరి ఆ తలూపడాన్ని ఏమనాలి? తన ఒంటికి జరిగినదానికి తన మతిమరుపే కారణమనుకుంటూ ఆ మనిషి బయటికి నడిచింది. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఫారమూ అక్షరం వదలకుండా చదువుతున్నాను. "ఏటమ్మా, అలా జడిపిస్తన్నావు" అని పేషెంట్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. ఆమె నంబరు ఫైల్లోనే ఉంది. ఎన్నోసార్లు తీసి చూసి మళ్లీ పెట్టేశాను. ఆమెతో అనాల్సిన మాటను ముందు మీ దగ్గర అంటున్నాను.

నువ్వేం మర్చిపోలేదమ్మా. నేను చదవలేదు.