బొండాం పరీక్ష

మా బావకి కారంటే పిచ్చి. అక్క మాటల్లో చెప్పాలంటే "బుర్ర తినేసిన పిచ్చి". కవిటి దగ్గర కొబ్బరితోటల మధ్య పుట్టి, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసుకునే మనిషి. చుట్టాలందరూ ట్రాక్టర్లూ జీపులూ కొనుక్కుంటుంటే ఈయన విశాఖపట్నం వెళ్ళి ఒక పాత జపాన్ కారు తెచ్చుకున్నాడు. తొక్కితే మనిషిని సీటుకి అతికించేసే రకం. హైవేని నాలుగు వరసలు చేసే పనులు జరుగుతున్న రోజులవి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆ కారు మాటెత్తితే మా అక్క ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటుంది.

నాకు కాశీబుగ్గలోనే లారీ సామాన్ల దుకాణం ఉండేది. దాంతో బావ వేళాకోళానికి నేను తేరగా దొరికేవాణ్ణి. "కమాను పట్టీలు అమ్ముకునేవోడివి, కార్ల సంగతి నీకేటి తెలుస్తాదిరా బామ్మర్దీ" అనేవాడు, నా కుర్చీలో కూర్చుని, నా టీ తాగుతూ.

కారు రాగానే ఆయన చేసిన మొదటి పని, కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు ఊడబీకించి పొట్టివీ గట్టివీ వేయించడం. వాటికి తగ్గ గట్టి షాకబ్జర్లు కూడా. చక్రానికీ పైన రేకుకీ మధ్య రెండు వేళ్ళు దూరితే గొప్ప. ఎందుకింత కష్టం అంటే, "మలుపులో కారు ఒరిగిపోతే నాకు పరువు తక్కువరా" అనేవాడు. మా ఊరి ఇసక దారిలో కారు పొట్ట నేలకి రాసుకుంటుంటే మాత్రం ఆ పరువు ఎక్కడికి పోయేదో నాకు అర్థమయ్యేది కాదు.

ఏ స్ప్రింగు ఎలాంటిదో తేల్చడానికి ఆయనకో పరీక్ష ఉండేది. లేత బొండాం ఒకటి తల చెక్కించి, అంచు దాకా నీళ్ళున్నది చూసి, వెనక సీట్లో అక్క ఒళ్ళో పెట్టేవాడు. అదురు ఎక్కువైతే నీళ్ళు ఒలుకుతాయి, తక్కువైతే మిగులుతాయి. అంతే. మొదటిసారి తోటలోంచి హైవే ఎక్కేసరికే బొండాం ఖాళీ అయిపోయింది, అక్క కొత్త చీర తడిసి ముద్దయింది. "ఈ కారు తగలడ!" అని అక్క తిట్టిన తిట్టు నాకింకా వినిపిస్తుంది. బావ మాత్రం స్టీరింగ్ మీద తల పెట్టుకుని పగలబడి నవ్వాడు. గట్టి స్ప్రింగులంటే అలాగే ఉండాలట.

ఏడాది తిరక్కుండా ఆయన నడుం పట్టుకోవడం మొదలుపెట్టాడు. ముందు కారు దిగేటప్పుడు, తరవాత కుర్చీలోంచి లేచేటప్పుడు. అన్నం సయించేది కాదు. పొద్దున్న లేస్తే పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు.

కవిటి చుట్టుపక్కల మా ఉద్దానం ఊళ్ళలో ఎవరైనా నడుం పట్టుకుంటే పక్కనున్నవాళ్ళు మాట్లాడుతున్నది ఆపేస్తారు. కాసేపాగి, "క్రియాటిన్ సూపించుకున్నావా?" అని అడుగుతారు. రక్తపరీక్షలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీలు పోతున్నట్టేనని సంతకం పెట్టడం రాని ముసలమ్మలకి కూడా తెలుసు. బావ వాళ్ళ అన్నయ్య అలాగే పోయాడు. అందుకని ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవారు కాదు.

అక్కే దారి చూపించింది. "ఆ గట్టి స్ప్రింగుల మీద తిరిగి తిరిగి నడుం ఇరిగిపోనాది. ఇంకేటి?" అంది. ఆ మాట అందరికీ ఎంత హాయిగా వినపడిందో చెప్పలేను. బావ తలూపాడు. నేనూ తలూపాను. నొప్పి స్ప్రింగులది అయితే స్ప్రింగులు మార్చొచ్చు కదా. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

అలా మొదలైంది మా షాకబ్జర్ల వేట. ముందు కంపెనీ స్ప్రింగులే మళ్ళీ ఎక్కించి, బయటి కంపెనీ గ్యాస్ షాకబ్జర్లు వేయించాం. అక్క ఒళ్ళో సగం బొండాం మిగిలింది. బావ నొప్పి మాత్రం తగ్గలేదు. "స్ప్రింగు గోతిని మింగుతాదిరా, షాకబ్జరు దాన్ని మళ్ళీ కక్కనివ్వకుండా పట్టుకుంటాది. ఈ గ్యాసువి మరీ బిగపట్టేస్తన్నాయి. అదీ రోగం" అని ఆయన నాకు పాఠం చెప్పాడు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగుతూనే చెప్పాడు. రోగం కారుదే అని తేలినందుకు నేనూ సంతోషించాను.

ఆఖరికి విశాఖపట్నంలో ఒక దుకాణంలో మరో జత దొరికింది. జపాన్‌వే. నెత్తి మీద చిన్న మర ఉంటుంది, ఒకవైపు తిప్పితే గట్టిపడుతుంది, ఇంకోవైపు తిప్పితే మెత్తబడుతుంది. ముగ్గురం వెళ్ళాం. బొండాం పట్టుకోవడానికి మనిషి కావాలి కదా అని అక్కని కూడా ఎక్కించుకున్నాం. కారు నేనే నడిపాను. అప్పటికి ఆయన స్టీరింగ్ ముట్టుకోవడం మానేశాడు.

దుకాణం అతను జత విప్పి బల్ల మీద పెట్టి, "ఎలా సెట్ చెయ్యమంటారు, స్పీడుకా, సుఖానికా?" అని అడిగాడు.

బావ వాటిని చేత్తో నిమిరాడు. మర ఒకసారి గట్టి వైపు తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పేశాడు. "సుఖానికే" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీ తాగొస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

బిగింపు అయ్యాక తిరుగు ప్రయాణం కట్టాం. టెక్కలి దగ్గర ఆపి బొండాం కొన్నాం. నీళ్ళు అంచు దాకా ఉన్నది ఏరి అక్క ఒళ్ళో పెట్టాను. అక్కడి నుంచి కొత్తగా వేసిన రోడ్డు, నల్లగా, ఒక్క గొయ్యి కూడా లేకుండా. కారు వెళ్తోందో ఆగిందో తెలియడం లేదు. కాసేపటికి అద్దంలో చూశాను. అక్క ఒళ్ళో బొండాం నిండుగా ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. గెలిచాం అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

అప్పుడే పక్క సీట్లో బావ చటుక్కున నడుం పట్టుకుని ముందుకి వంగిపోయాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"రోడ్డు పాడైపోనాదిరా బామ్మర్దీ" అన్నాడు. "మెల్లగా పోనీ."

అద్దంలోకి చూశాను. అక్క కూడా నన్నే చూస్తోంది. ఇద్దరికీ తెలిసిపోయింది. ఇక మార్చడానికి కారులో ఏమీ మిగల్లేదు.

అక్క తల దించుకుంది. ఒళ్ళో బొండాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పక్కకి ఒంచింది. నీళ్ళన్నీ చీర మీద పోయాయి.

"ఔను, రోడ్డు మహా సెడ్డగుంది" అంది. "సూడండి, సుక్క మిగల్నేదు. ఈ కారు తగలడ!"

బావ కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూశాడు. తడిసిన చీర చూసి నవ్వాడు. "సెప్పినానా?" అన్నాడు నాతో.

"ఔను బావా" అన్నాను. గేరు తగ్గించి, లేని గోతులు తప్పించుకుంటూ కాశీబుగ్గ దాకా నడిపాను.